ఎస్‌వ్యాక్ (యుద్ధాల్లో లైంగిక హింస) డేటా సగటు మైనస్‌లో వస్తోంది, ఎవరైనా చూడండి

చిక్కుముడి: పొద్దుట్నుంచీ దీంతోనే కుస్తీ. జెండర్, శాంతి, భద్రత ఎంఏ థీసిస్‌కి నేపాల్ యుద్ధంలో లైంగిక హింస తీవ్రత సగటు తీస్తే మైనస్‌లో వస్తోంది! యూసీడీపీ (ఉప్సలా యూనివర్సిటీ యుద్ధాల డేటా) మృతుల లెక్కతో కలిపితే చాలా వరుసలు ఎగిరిపోతున్నాయి. ఫైల్ పాడైందా? రేపే గైడ్‌కి చూపించాలి.

మితభాషి: ఫైల్ బానే ఉంది. -99 అంకె కాదు, సమాచారం లేదని గుర్తు. కోడ్‌బుక్ (ఏ అంకెకి ఏం అర్థమో చెప్పే పత్రం) చదవండి.

చిక్కుముడి: సున్నాగా మార్చేయనా?

పట్టిక: వద్దండీ, అసలు తప్పు అక్కడే జరుగుతుంది. నివేదిక ఉండీ అందులో ఆ ప్రస్తావన లేకపోతే సున్నా. -99ని ఖాళీగా మార్చండి. అమెరికా విదేశాంగ శాఖ, ఆమ్నెస్టీ, హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదికలకు మూడు వేర్వేరు కాలమ్‌లుంటాయి. 0 నుంచి 3 వరకున్నవి తీవ్రత స్థాయిలే, కొలతలు కావు, సగటు తీయకండి. మూడింట్లో గరిష్ఠం తీసుకోండి. ఇంతకీ ఫైళ్లు కలపడానికి ఏ జాయిన్ వాడారు? రెండు ఫైళ్లూ ఏ వెర్షన్?

పాత కాపు: లెక్కలు సరే. అత్యాచార ఫిర్యాదుకి అప్పట్లో నేపాల్ చట్టం ఇచ్చిన గడువు 35 రోజులు. యుద్ధబాధితుల తాత్కాలిక సాయంలోనూ లైంగిక హింస బాధితుల్ని చేర్చలేదు. ఇక నివేదికల దాకా ఎన్ని వస్తాయి? మహిళలు, శాంతి, భద్రతపై ఐరాస భద్రతా మండలి 1325, 1820 తీర్మానాల అమలుకి 2011లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చిన దేశం అది. మనకి అదీ లేదు.

మితభాషి: అడిగింది అది కాదు.

పాత కాపు: సున్నాని ‘జరగలేదు’ అని చదివితే థీసిస్సే తప్పవుతుంది, అందుకే చెప్పా. శీర్షికలో ‘జెండర్ ఆధారిత హింస’ అని గానీ పెట్టారా? ఈ డేటాలో గృహహింస ఉండదు.

మితభాషి: శీర్షికలో ఏముందో ఆవిడ చెప్పనే లేదు.

పాత కాపు: చెప్పకపోయినా అందరూ పెట్టేది అదే.

చిక్కుముడి: అదే పెట్టా 😐 ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్నర్ జాయిన్ (రెండు ఫైళ్లలోనూ ఉన్న వరుసలే మిగిలేది). వెర్షన్ చూడలేదు.

పట్టిక: అందుకే పోయాయి. ఎస్‌వ్యాక్‌లో యుద్ధం ముగిశాక అయిదేళ్లు కూడా ఉంటాయి. నేపాల్‌కి 2006 నవంబర్ శాంతి ఒప్పందం తర్వాతి ఏళ్లకి యూసీడీపీ మృతుల ఫైల్లో వరుసే ఉండదు. ఎస్‌వ్యాక్‌ని ఎడమన పెట్టి లెఫ్ట్ జాయిన్ చేయండి, దాని వరుసలన్నీ మిగులుతాయి. యుద్ధాలకి యూసీడీపీ ఇచ్చే ఐడీలు మధ్యలో మారాయి, పాతవాటికి కొత్తవి జత చేస్తే అసలు కలవవు. ఇంకోటి: ఎస్‌వ్యాక్‌లో ప్రభుత్వానికొక వరుస, మావోయిస్టులకొకటి. మృతుల సంఖ్య రెండింటికీ అదే పడుతుంది, కూడితే రెట్టింపే.

చిక్కుముడి: మైనస్ పోయింది, థాంక్సండీ. ఐడీల సంగతి రాత్రికి చూస్తా.

పాత కాపు: శీర్షిక మార్చారా?