గామా నైఫ్ తర్వాత స్కాన్: గడ్డ తగ్గలేదంటే భయపడాలా?

ప్రశ్న (కూకట్‌పల్లి):
అమ్మకు పిట్యూటరీలో (మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి) గడ్డ. ముక్కులోంచి ఆపరేషన్ చేశారు, మిగిలిన ముక్కకు గామా నైఫ్ (కోత లేకుండా గడ్డ మీదికే గురిపెట్టే రేడియేషన్) ఇచ్చి 6 నెలలైంది. నిన్న ఎం.ఆర్.ఐ. రిపోర్టు వచ్చింది. అప్పుడూ 11 మి.మీ., ఇప్పుడూ 11. అమ్మ ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంత చేయించుకుని ఏం లాభం రా?" అంది. నాకు నోట మాట రాలేదు.

జవాబు (మలక్‌పేట):
తమ్ముడూ, టెన్షన్ పడకు. నాకు గామా నైఫ్ అయి 7 ఏళ్లు. మొదటి స్కాన్‌లో నాదీ ఇంతే. రేడియేషన్ పని నిదానం, తగ్గడం ఏళ్ల మీద కనిపిస్తుంది. పెరగలేదంటే రేడియేషన్ పనిచేస్తున్నట్టే అనుకో. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా. ప్రతిసారీ కిందటి స్కాన్‌తోనే కాదు, గామా నైఫ్ రోజు తీసిన దానితో కూడా పోల్చమని అడుగు. ఏడాదికి అర మిల్లీమీటరు చొప్పున పెరిగితే పక్కపక్క స్కాన్లలో దొరకదు. పాత సీడీలన్నీ పట్టుకెళ్లు, వీలైతే అదే సెంటర్‌లో చేయించు.

జవాబు (ఉప్పల్):
స్కాన్ బాగుందని హార్మోన్ పరీక్షలు మానకండి. మా అన్నయ్యకు గామా నైఫ్ అయిన నాలుగో ఏట ఒకటే నీరసం, ఎండల వల్లేమో అనుకున్నాం. చూస్తే పొద్దుటి కార్టిసాల్ (పిట్యూటరీ ఆదేశంతో ఒంట్లో తయారయ్యే హార్మోన్) బాగా తక్కువ. చూపు నరాలు ఆ గ్రంథి పక్కనే కదా, చూపు పరీక్ష కూడా చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, మీ జవాబు అమ్మకు చదివి వినిపించా. సీడీలు వెతుకుతోంది.