కూలే నక్షత్రం కోడ్: రాత్రి నుంచి సున్నాలే, ఎవరైనా చూడండి

కృష్ణలంక కుర్రాడు: రాత్రి పదింటికి కూర్చున్నా, ఇప్పుడు నాలుగు. నక్షత్రం చక్కగా కూలుతోంది, నడిమి భాగం బిగుసుకుని వెనక్కి తన్నే బౌన్స్ కూడా కనిపిస్తోంది. గ్రావిటీ వేవ్ కాలమ్ మాత్రం సున్నా. నిజానికి సున్నా కూడా కాదు, 10 ఘాతం మైనస్ 17 దగ్గర ఏదో దుమ్ము. మధ్యలో కరెంటు పోయి ఒక రన్ మొత్తం పోయింది. పొద్దున గైడ్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్. బగ్ ఎక్కడుంది?

పటమట: ఏ థియరీ? ఎన్ని డైమెన్షన్లు?

బ్రాడీపేట మాస్టారు: ముందు మాట దిద్దుకోండి నాయనా. గ్రావిటీ వేవ్స్ అంటే ప్రకాశం బ్యారేజీ ఎగువన గాలికి లేచే నీటి అలల్లాంటివి. మీకు కావలసినవి గురుత్వ తరంగాలు.

మంగళగిరి: మాస్టారూ, కుర్రాడు నిద్ర లేక ఏడుస్తుంటే ఇప్పుడా పదాల గొడవ? తమ్ముడూ, కోడ్ గోళాకారమేనా?

కృష్ణలంక కుర్రాడు: అవునన్నా, వన్-డీ. తరంగానికి క్వాడ్రుపోల్ (ద్రవ్యరాశి గుండ్రం నుంచి ఎంత తప్పిందో చెప్పే కొలత) ఫార్ములా పెట్టా. అది కూడా చెప్పాలా?

మంగళగిరి: చెప్పాల్సిందే అది! అన్ని వైపులా సమంగా కూలితే క్వాడ్రుపోల్ మారదు, తరంగం రాదు. ఐన్‌స్టీన్ ప్రకారం నక్షత్రం బయటి గురుత్వ క్షేత్రం కదలనే కదలదు, బిర్కాఫ్ సిద్ధాంతం అదే. ఆ దుమ్ము రౌండాఫ్, కంప్యూటర్ అంకెలు కుదించడంలో వచ్చే తేడా. బ్రాన్స్–డికీ (1961) లాంటి వేరే గురుత్వ థియరీల్లో అదనంగా స్కేలార్ ఫీల్డ్ ఉంటుంది, అంటే ప్రతి చోటా దిశ లేని ఒక్క సంఖ్య. గుండ్రంగా కూలినా అది తరంగం పంపుతుంది. మామూలు గురుత్వ తరంగం వలయాన్ని ఒకవైపు సాగదీసి ఇంకోవైపు నొక్కుతుంది. ఇది వలయం మొత్తాన్నీ పూరీలా ఉబ్బించి దించుతుంది. అలాంటిది ఒక్కటి దొరికినా ఐన్‌స్టీన్‌కి చిక్కే.

కృష్ణలంక కుర్రాడు: నాది బ్రాన్స్–డికీయే! కాసినీ వ్యోమనౌక కొలతలు పెట్టిన పరిమితి దాటాలని ఒమేగా 50,000 పెట్టా (అది పెరిగేకొద్దీ థియరీ ఐన్‌స్టీన్‌కి దగ్గరవుతుంది). స్కేలార్‌ని ఫైల్‌లోకి రాయించలేదు.

పటమట: రాయించు. అంత ఒమేగాకి బలహీనంగానే వస్తుంది. 1993 నాటి డామూర్, ఎస్పోసిటో-ఫారేజ్ మోడల్ చూడు. సూర్యుడి దగ్గర నోరు మెదపని ఫీల్డ్ న్యూట్రాన్ తారలో, అంటే కూలాక మిగిలే అతి దట్టమైన గోళంలో, లేచి కూర్చుంటుంది. ఫీల్డ్‌కి ద్రవ్యరాశి ఇస్తే ఇంకో తంటా. తక్కువ ఫ్రీక్వెన్సీలు వెనకబడి, మన దాకా వచ్చేసరికి సంకేతం ఏళ్ల తరబడి సాగుతుంది.

బ్రాడీపేట మాస్టారు: 1987లో పక్క గెలాక్సీలో నక్షత్రం పేలితే పాతిక దాకా న్యూట్రినోలు దొరికాయి. గురుత్వ తరంగాలు పట్టే లైగో యంత్రాలు అప్పటికి కట్టలేదు. అలా పేలే నక్షత్రం, సూపర్నోవా, నుంచి తరంగం ఇప్పటికీ ఒక్కటీ దొరకలేదు. అన్నట్టు బిర్కాఫ్‌ది సిద్ధాంతమంటే ఎలా? థియరీకీ అదే, థియరమ్‌కీ అదేనా?

మంగళగిరి: పదో తరగతిలో పైథాగరస్‌ది ఏమని చెప్పారు మాస్టారూ?

కృష్ణలంక కుర్రాడు: వచ్చింది. చిన్నదే, కానీ వచ్చింది. థ్యాంక్స్ అన్నా, పడుకుంటా.

బ్రాడీపేట మాస్టారు: పైథాగరస్ సంగతి వేరు...