పారాక్వాట్ కలుపు మందుకూ పార్కిన్సన్స్‌కూ సంబంధం ఉందా? నిషేధించాలా?

మునేరుగట్టు:
మా నాన్నకు పార్కిన్సన్స్ అని తేలింది. చేయి వణకడానికి ఏళ్ల ముందే ఆయనకు వాసన తెలియడం మానేసింది. వంటింట్లో పోపు మాడినా లేచేవారు కాదు. అదీ ఈ జబ్బు లక్షణమేనని డాక్టరు చెప్పాకే మాకు అర్థమైంది. పత్తి, మిరప వేసి బతికిన మనిషి, మందుల మధ్యే గడిపారు. అమెరికాలో పురుగు మందులు కొట్టేవారి మీద జరిగి 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పారాక్వాట్ గానీ రొటెనోన్ అనే పురుగు మందు గానీ వాడినవారిలో ఈ జబ్బు రెండున్నర రెట్లు ఎక్కువ. స్విట్జర్లాండ్ పారాక్వాట్‌ను 1989లోనే ఆపేసింది. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి లేదు. కేరళ 2011లో నిషేధించింది. మనం ఎందుకు ఆగాలి?

నల్లరేగడి:
మీ నాన్నగారి గురించి బాధగా ఉంది. కానీ ఆ అధ్యయనంలో జబ్బు ఉన్నవాళ్లు 110 మంది, లేనివాళ్లు 358 మంది. ఇంతేనా? పైగా గతంలో ఏ మందు వాడారో అడిగి రాసుకున్నారు. జబ్బు పడ్డవాడు ప్రతి డబ్బానూ తవ్వి తీస్తాడు, బాగున్నవాడికి పోయినేడు కొట్టిందే గుర్తుండదు. నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను, నా చేయి వణకడం లేదు. ఎండలో కొడితే సాయంత్రానికి కలుపు మాడిపోతుంది, మట్టిలో పడ్డది బంకమన్నుకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. పంటకు తగలకుండా కొట్టడం తెలిస్తే చాలు.

కాఫీరాయుడు:
కాఫీ తాగేవాళ్లలో ఈ జబ్బు తక్కువట. నాకు భయం లేదు.

మునేరుగట్టు:
నల్లరేగడి గారూ, మట్టిలో అతుక్కుంటే మంచిదే. మనిషి ఒంటికి అతుక్కుంటేనో? అది చెప్పండి.

తెల్లకోటు:
వృత్తిరీత్యా ఈ రోగులను చూస్తాను కాబట్టి ఒక మాట. 1980ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలో కొందరు యువకులు కల్తీ మత్తుమందు ఎక్కించుకుని, రోజుల్లోనే ముదిరిన పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. ఆ కల్తీ పేరు ఎంపీటీపీ. అది శరీరంలో మారాక తయారయ్యే పదార్థానికి పారాక్వాట్‌తో పోలిక ఉండటంతోనే ఈ అనుమానం మొదలైంది. రొటెనోన్ అయితే కణంలో శక్తి తయారీనే అడ్డుకుంటుంది. పొలం మందులే కాదు. అమెరికాలో క్యాంప్ లెజూన్ సైనిక స్థావరంలో తాగునీటిలో ట్రైక్లోరోఇథిలీన్ అనే, యంత్రాల జిడ్డు వదిలించే రసాయనం కలిసింది. అక్కడ పనిచేసినవారిలో పార్కిన్సన్స్ ముప్పు మరో స్థావరంలోని వారికన్నా 70 శాతం ఎక్కువని 2023లో తేలింది. వయసు, జన్యువులు కూడా ఉన్నాయి. వేలమందిలో ముప్పు పెరిగిందని చెప్పగలం. ఈ ఒక్క మనిషికి ఈ డబ్బా వల్లే వచ్చిందని ఏ పరీక్షా చెప్పదు.

నల్లరేగడి:
చూశారా! డాక్టరుగారే అన్నారు, చెప్పలేమని.

తెల్లకోటు:
నేను అన్నదాంట్లో సగమే చదివారు.

పల్లెపంట:
దూలగొండి గింజల పొడి వాడించండి, మా మేనమామకు తగ్గింది.

తెల్లకోటు:
అందులో నిజంగానే లెవోడోపా ఉంటుంది, పార్కిన్సన్స్ మాత్రల్లో ఉండే మందే అది. ఎంత ఉందో పొట్లానికో రకం. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారికి చెప్పకుండా పెట్టకండి.

నల్లరేగడి:
అసలు విషయానికి రండి. కలుపు తీయడానికి మనుషులు దొరకరు. దొరికినా ఆ కూలి ఇచ్చి పత్తి పండిస్తే మిగిలేది సున్నా. నిషేధించమని పట్నంలో కూర్చుని రాయడం తేలిక. మీలో ఎవరైనా ఈ ఏడు గుంటక తోలారా, పాట్లు తీశారా? మాకు వేరే దారి చూపించి అప్పుడు నిషేధించండి.

మునేరుగట్టు:
నేను పట్నంలో ఉన్నది నాన్న మందుల ఖర్చు కోసమే. మీ చేను బాగుండాలంటే మా నాన్న వణకాలా?

నల్లరేగడి:
మాటలు జాగ్రత్త. మీ నాన్నగారు కొట్టిన మందుకు నేనా బాధ్యుణ్ని? అసలు పంపు ఆయనే మోశారా, కూలీతో కొట్టించారా? ముందు అది చెప్పండి.

మునేరుగట్టు:
మొదట్లో ఆయనే. తర్వాత పాలేరు ఉండేవాడు. నాన్న గట్టు మీద నిలబడి మందు కలిపిచ్చేవారు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

ఏటివార:
ఉంది. ఆ పాలేరు లాంటివాడి కొడుకును నేను. ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. పంపు మూత సరిగా పట్టేది కాదు, వంగినప్పుడల్లా మందు నీళ్లు వీపు మీదుగా నడుము దాకా కారేవి. చొక్కా తడిసిపోయేది. నాజిల్‌కు చెత్త అడ్డుపడితే మా నాన్న నోటితో ఊదేవాడు. చేతి తొడుగులు ఇచ్చిన ఆసామిని నేను చూడలేదు. ఇప్పుడు ఆయన కాళ్లీడ్చుకుంటూ నడుస్తాడు, ముఖంలో కదలిక లేదు. వాతం అన్నారు, వయసు అన్నారు. నరాల డాక్టరు దాకా వెళ్లలేదు గనుక ఏ అధ్యయనంలోనూ ఆయన లేడు. మీరిద్దరూ 110 మందా ఇంకా ఎక్కువా అని కొట్లాడుకుంటున్నారు.

తెల్లకోటు:
ఆ లక్షణాలు పార్కిన్సన్స్ కావచ్చు. న్యూరాలజిస్టుకు చూపించండి, ఆలస్యం చేయకండి. ఇంకో మాట. ఫ్రాన్స్ 2012లో పురుగు మందుల వల్ల వచ్చే పార్కిన్సన్స్‌ను వ్యవసాయ వృత్తి రోగంగా గుర్తించింది. డబ్బా పేరు రుజువు చేయమని రోగిని అడగకుండా, ఎన్నేళ్లు మందులతో పనిచేశాడన్నదే చూస్తారు.

ఏటివార:
నాకు కావలసింది అదే. నిషేధం రేపు వచ్చినా మా నాన్నకు ఒరిగేదేమీ లేదు. పంపు మోసినవాడికి వైద్యం ఖర్చు ఎవరిస్తారు?

మునేరుగట్టు:
మందు తయారుచేసిన కంపెనీ ఇవ్వాలి. ప్రభుత్వం ఇవ్వాలి.

ఏటివార:
కూలీ అని మస్టర్‌లో పేరైనా లేనివాడికి ప్రభుత్వం ఏ లెక్కన ఇస్తుంది? ఫలానా చేలో ఇన్నేళ్లు కొట్టాడని సంతకం పెట్టాల్సింది ఆసామే. మీ నాన్నగారు పెడతారా?

మునేరుగట్టు:
ఆయన చేయి ఇప్పుడు సంతకానికి పనికి రాదు. నేను అడిగి చూస్తాను.

నల్లరేగడి:
అంటే ప్రతి రైతూ తన కూలీ జబ్బుకు కాగితం రాసివ్వాలన్నమాట. రేపు దాన్నే పట్టుకుని కోర్టుకు వస్తే? నేను రాయను.

ఏటివార:
ఈ మాట మొదటి జవాబులోనే చెప్పి ఉండాల్సింది.