తక్కువ ఖర్చులో క్రూయిజర్ బైకును మనకు తగ్గట్టు మార్చుకోవాలంటే ముందు దేన్ని ముట్టుకోవాలి?

ప్రశ్న: నా దగ్గర పాత క్రూయిజర్ ఉంది, గంటసేపు నడిపితే నడుము పట్టేస్తోంది. సీటు, హ్యాండిల్‌బార్, సైలెన్సర్ మూడూ మార్చాలని ఉన్నా, చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతుంది కనుక దేనితో మొదలుపెట్టాలో చెప్పగలరు.

జవాబు 1: సీటుతోనండి. కొత్తది కొనకుండా, పాత సీటు అడుగు ప్లేటును అలాగే ఉంచి, నలిగిన స్పాంజి తీసి గట్టిది వేయించి, పై తొడుగు కుట్టిస్తే చాలు.

జవాబు 2: హ్యాండిల్‌బార్ చౌకగానే కనిపిస్తుంది గానీ అసలు ఖర్చు దాని వెనకాలే వస్తుంది. ముందుగా బిగింపు దగ్గర గొట్టం వ్యాసం 22 మిల్లీమీటర్లో, 25.4 మిల్లీమీటర్లో కొలుచుకోండి. ఎత్తైనది వేస్తే క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లు, బ్రేకు హోసు పొడవు చాలకపోవచ్చు. నేను బిగించిన రోజు, ఆగి ఉన్న బండిపై హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పగానే, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని ఇంజన్ దానంతటదే రొద పెంచింది. అదే మలుపులో జరిగి ఉంటే!

జవాబు 3: సైలెన్సర్ చివరికి వదిలేయండి. కార్బ్యురేటర్ బండికి పొగ మరీ ధారాళంగా పోయేది బిగిస్తే, గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గి ఇంజన్ వేడెక్కవచ్చు, అప్పుడు కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్లూ మార్చాలి.

అడిగినవారు: సీటు విప్పి చూశానండి, స్పాంజిలో అరచేయి పట్టేంత గుంట ఉంది. దానితోనే మొదలుపెడుతున్నాను.