ఎవరి బలం ప్రకారం వాళ్లకి పనివ్వడం తప్పా?

గచ్చిబౌలి_లీడ్
మా టీమ్‌లో తొమ్మిది మందిమి. ఈ ఏడాది మొదట్లో కంపెనీ అందరి చేతా క్లిఫ్టన్ స్ట్రెంగ్త్స్ టెస్ట్ రాయించింది. గ్యాలప్ వాళ్లది. మొత్తం 34 గుణాలుంటాయి, వాటిలో మనకి బలంగా ఉన్న మొదటి ఐదూ చెప్తుంది. దాన్ని చూసే పని పంచాను. క్లయింట్‌తో చక్కగా మాట్లాడే అమ్మాయికి డెమోలు, ఓపిగ్గా రాసేవాడికి డాక్యుమెంటేషన్, ఏ ఇష్యూ వచ్చినా పట్టేసే కుర్రాడికి ప్రొడక్షన్ సపోర్ట్, అంటే క్లయింట్ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ఆగితే సరిచేసే పని. డెలివరీ బ్రహ్మాండంగా సాగుతోంది. ఇప్పుడా సపోర్ట్ కుర్రాడు "నాకు డిజైన్ పని కూడా కావాలి, లేదంటే వేరే ప్రాజెక్ట్ చూసుకుంటా" అంటున్నాడు. అతనికి టెస్ట్‌లో మొదట వచ్చిందే రెస్టొరేటివ్, అంటే చెడిపోయినదాన్ని బాగుచేసే గుణం. బలమున్న చోట పెట్టినా అలిగితే ఎలా?

ఉప్పల్_స్టాండ్స్
మీరు చేసిందే రైటు. మన లక్ష్మణ్‌నే చూడండి. హైదరాబాద్‌కి 1999-2000 రంజీ సీజన్‌లో 1415 పరుగులు కొట్టిన మనిషి. ఇండియాకేమో ఓపెనర్‌గా పంపేవారు. సిడ్నీలో 167 కొట్టాడు కానీ ఆ ప్లేసులో ఎప్పుడూ కుదురుకోలేదు. ఇక ఓపెనింగ్ చేయనని చెప్పేశాడు. 2001 మార్చిలో ఈడెన్‌లో ఫాలోఆన్ ఆడుతూ మూడో నంబర్‌లో పంపితే 281. ప్లేసు కుదిరితే అంతే.

చాయ్_బ్రేక్
మా ఆఫీసులో అందరి బలమూ ఒక్కటే. నాలుగింటికి కింద ఇరానీ చాయ్.

డల్లాస్_ఫిల్టర్‌కాఫీ
ఉప్పల్ బ్రదర్, మరి ద్రవిడ్ సంగతేంటి? 2003 వరల్డ్ కప్‌లో కీపింగ్ చేయించారు. ఆయన బలం అది కాదుగా! ఇంకో బ్యాట్స్‌మన్‌ని ఆడించాలంటే ఎవరో ఒకరు గ్లవ్స్ వేసుకోవాలి, ఆయన వేసుకున్నాడు. ఫైనల్ దాకా వెళ్లాం. టీమ్ అంటే కొన్నిసార్లు బలం లేని పనీ చేయాలి.

ఉప్పల్_స్టాండ్స్
ద్రవిడ్ స్లిప్‌లో ఎలాంటి క్యాచ్‌లు పట్టాడో చూశారా? చేతులు బాగున్నాయి కాబట్టే గ్లవ్స్ ఇచ్చారు. అదీ బలమే.

డల్లాస్_ఫిల్టర్‌కాఫీ
స్లిప్ వేరు, స్పిన్‌కి స్టంప్స్ దగ్గర నిలబడటం వేరు. ఏది చేయించినా "అదీ బలమే" అంటే ఇక వాదనెందుకు?

రిలీజ్_రాత్రి
క్రికెట్ కాసేపు పక్కన పెడతారా? అయినా ఉప్పల్ గారు చెప్పినదాంట్లోనే జవాబుంది. ఓపెనింగ్ చేయనన్నది లక్ష్మణే, సెలెక్టర్లు కాదు. ఇక్కడ ఆ కుర్రాడు అదే మాట అంటే "అలిగాడు" అంటున్నారు.

నా సంగతి చెప్తాను. డెవలపర్‌గా చేరాను. ఒకసారి రిలీజ్ కాల్ గొడవ లేకుండా నడిపించానని "కోఆర్డినేషన్ నీ బలం" అన్నారు. మురిసిపోయాను కూడా. తర్వాత మినిట్స్ రాయడం నాదే, ఎవరి లీవు ఎప్పుడో చూసుకోవడం నాదే, ఫేర్‌వెల్‌కి కేకు తేవడమూ నాదే. నాతో చేరిన అబ్బాయిలకి మాత్రం ఈ బలం ఒక్కరికీ లేదట, విచిత్రం. నాలుగేళ్లకి ప్రమోషన్ అడిగితే "టెక్నికల్ డెప్త్ తక్కువుంది" అన్నారు. ఎక్కడి నుంచి వస్తుందండీ డెప్త్, కేకులోంచా?

గచ్చిబౌలి_లీడ్
మేడమ్, మీ ఆఫీసు మీద కోపం నా మీద తీర్చుకోవద్దు. నేనెవరి చేతా కేకులు తెప్పించలేదు. సైంటిఫిక్‌గా టెస్ట్ పెట్టి, రిపోర్ట్ చూసి పని పంచాను.

మాజీ_హెచ్‌ఆర్
ఆ టెస్ట్ గురించి ఒక మాట. అది సహజంగా ఉన్న మొగ్గును చెప్తుంది. దాని మీద సాధన పెడితేనే బలం అవుతుందని గ్యాలప్ వాళ్లే అంటారు. మనిషి ఎదగడానికి అని తయారుచేసిన దాన్ని చూసి డ్యూటీలు వేయడం మేనేజర్ల సొంత తెలివి. ఇంతకీ ఆ అబ్బాయి రిపోర్ట్‌లో మిగతా నాలుగూ ఏమిటండీ?

రిలీజ్_రాత్రి
నావీ రెండు ప్రశ్నలు. రాత్రి కాల్స్ అన్నీ అతనికేనా? అప్రైజల్‌లో రేటింగ్ ఎంతిచ్చారు?

గచ్చిబౌలి_లీడ్
మిగతావి లెర్నర్, ఐడియేషన్, స్ట్రాటజిక్, అనలిటికల్. అంటే నేర్చుకోవడం, కొత్త ఆలోచనలు, మంచి దారి ఎంచుకోవడం, విశ్లేషణ. రాత్రి కాల్స్ అతనికే, ఎందుకంటే వేరేవాళ్లు రెండు గంటలు తీసుకునేది అతను ఇరవై నిమిషాల్లో తేలుస్తాడు. రేటింగ్‌కీ దీనికీ సంబంధం లేదు కానీ అడిగారు కాబట్టి, 3 ఇచ్చాను. బెల్ కర్వ్ ఉంది, అంటే పై రేటింగ్ ఇంతమందికే అన్న లెక్క, అందరికీ 4 ఇవ్వలేను. డిజైన్ చేసినవాళ్లకి విజిబిలిటీ ఉంటుంది. సపోర్ట్ బాగా జరిగితే పైవాళ్లకి ఏమీ కనపడదు. ఈ రూల్ నేను పెట్టానా?

డల్లాస్_ఫిల్టర్‌కాఫీ
లెర్నర్, ఐడియేషన్, స్ట్రాటజిక్! డిజైన్ పనికి ఇంకేం కావాలి లీడ్ గారూ? మొదటి లైన్ చదివి రిపోర్ట్ మూసేశారు.

చాయ్_బ్రేక్
అయిపోయింది, లీడ్ గారు వికెట్ సమర్పించుకున్నారు.

రిలీజ్_రాత్రి
ఇదీ అసలు విషయం. పనేమో బలం చూసి ఇస్తారు, జీతమేమో విజిబిలిటీ చూసి పెంచుతారు. అందరూ నిద్రపోతుంటే లేచినవాడికి 3, పగలు స్లైడ్లు చూపించినవాళ్లకి 4. ఆ రెండు పనులకీ ఒకే విలువ ఉంటే అతను డిజైన్ అడిగేవాడే కాదేమో. నేనూ మినిట్స్ రాసుకుంటూ హాయిగా ఉండేదాన్ని.

గచ్చిబౌలి_లీడ్
మీరంతా మేనేజర్ సీట్లో కూర్చుని మాట్లాడండి. అతన్ని డిజైన్‌లో పెడితే సపోర్ట్‌లో ఎస్‌ఎల్‌ఏ, అంటే క్లయింట్‌కి ఒప్పుకున్న గడువు, దాటుతుంది, క్లయింట్ నాకు ఫోన్ చేస్తాడు, వీళ్లకి కాదు. టీమ్ గట్టిగా ఉంచడం నా ఉద్యోగం. ఎవరి కెరీర్ వాళ్లు చూసుకోవాలి. నా కెరీర్ ఎవరైనా చూశారా? నేనూ మూడేళ్లు సపోర్ట్ చేసి వచ్చినవాణ్ణే.

మాజీ_హెచ్‌ఆర్
టీమ్ గట్టిగా ఉండాలనే అంటున్నాం. అతను రేపు రాజీనామా పెడితే ఆ ఇరవై నిమిషాల విద్య ఇంకెవరికి వచ్చు? బలమున్నవాడి మీదే మొత్తం వేస్తే మిగతా ఎనిమిది మందీ ఎప్పటికీ నేర్చుకోరు. వారానికి ఒకరు చొప్పున ఆన్‌కాల్ రోటా వేయండి, మొదట్లో అతన్ని పక్కన కూర్చోబెట్టండి. కొన్నాళ్లు టైమ్ ఎక్కువే పడుతుంది, ఆ సంగతి క్లయింట్‌కి ముందే చెప్పండి. ఇక బెల్ కర్వ్ అంటారా, మైక్రోసాఫ్ట్ 2013లోనే అలాంటి పద్ధతి తీసేసింది. అదేం దేవుడు రాసిన రాత కాదు.

కొత్తగా_చేరా
సార్, నాకు ఇంకా ఏ బలమూ తెలీదు. ట్రైనింగ్ అవ్వగానే టెస్టింగ్‌లో వేశారు. ఇప్పుడు బాగా చేస్తే అక్కడే ఉంచేస్తారా?

చాయ్_బ్రేక్
మరీ బాగా చేయకు తమ్ముడూ.

రిలీజ్_రాత్రి
కొత్తగా చేరిన తమ్ముడూ, బాగానే చెయ్. కానీ ఇంకేం నేర్చుకోవాలనుందో మొదటి వన్-ఆన్-వన్‌లోనే చెప్పి, మెయిల్‌లో కూడా రాసి పెట్టు. నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

గచ్చిబౌలి_లీడ్
రోటా వచ్చే నెల నుంచి వేసి చూస్తా. క్లయింట్ అరిస్తే మళ్లీ పాత పద్ధతే. రేటింగ్స్ సబ్మిట్ అయిపోయాయి, దాని గురించి ఇక అడగొద్దు.

రిలీజ్_రాత్రి
రేటింగ్ మీద అప్పీల్‌కి గడువుంటుంది కదా?

గచ్చిబౌలి_లీడ్
శుక్రవారం దాకా ఉంది.

రిలీజ్_రాత్రి
అతనికి చెప్పారా?

గచ్చిబౌలి_లీడ్
హెచ్‌ఆర్ అందరికీ మెయిల్ పెట్టింది. చదువుకోవాలి.