ఎముకలు అరిగాయా, కరిగాయా, గుల్లబారాయా?

అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ స్పేస్ స్టేషన్‌లో వరసగా 340 రోజులు ఉన్నాడు కదండీ, 2015 మార్చిలో రష్యా వ్యోమగామి కోర్నియెంకోతో కలిసి వెళ్లి 2016 మార్చిలో దిగాడు, కింద ఉండిపోయిన కవల సోదరుడు మార్క్ ఒంటితో ఇతని ఒళ్లు పోల్చి చూశారు, దాని మీద పిల్లలకోసం వ్యాసం రాస్తున్నా. "అక్కడ ఎముకలు అరిగిపోతాయి" అని రాస్తే ఎడిటర్ గారు కొట్టేసి "గుల్లబారతాయి" అని దిద్దారు. ఏది రైటు?

జవాబు: మీ ఎడిటర్ గారే రైటు. అరగడం వాడకం వల్ల వచ్చేది. చెప్పులు అరుగుతాయి, మోకాళ్లు అరుగుతాయి, పింఛను కోసం కాళ్లరిగేలా తిరుగుతాం. అక్కడ జరిగేది పూర్తిగా రివర్సు, ఒంటి బరువు మోసే పని లేకే ఎముక పోతుంది. అందుకే రోజూ రెండు గంటల పైనే కసరత్తు, ట్రెడ్‌మిల్ మీద తేలిపోకుండా పట్టీలతో కిందకి లాగి కట్టుకుని మరీ పరిగెత్తుతారు.

జవాబు: గుల్లబారడం చివరికి మిగిలే స్థితి మాస్టారూ, అప్పుడే అనేస్తే ఎలా. పాత ఎముకని తొలిచే కణాలు తమ పని తాము చేసుకుపోతాయి, కొత్తది కట్టేవి వెనకబడతాయి, బరువు మోసే ఎముకల్లో సాంద్రత నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా పోతుందని నాసా లెక్క. ఆ కాల్షియం రక్తంలోకి, అక్కణ్ణించి మూత్రంలోకి, అందుకే కిడ్నీలో రాళ్ల భయం కూడా. కరిగిపోవడం అనొచ్చుగా?

కరగడం అంటే పిల్లలు ఐసు ముక్క అనుకుంటారేమోనండీ 😄

జవాబు: "తరగడం" ఉండగా ఇంత చర్చ ఎందుకు? బంగారం కొట్లో తరుగు తెలియని ఇల్లుందా! "నెలనెలా ఎముక తరుగుతుంది, అలా వదిలేస్తే గుల్లబారుతుంది" అని రాసేయండి, ఇద్దరి మాటా నిలబడుతుంది.

బావుందండీ, ఇదే పెట్టేస్తున్నా. ఇంకోటి, నడక లేక కెల్లీ అరికాళ్లలో కాయలు పోయి మెత్తబడిపోయాయట, కదలకుండా నిలబడ్డానికి పాదాలు కమ్మీల కింద దూర్చీ దూర్చీ పాదం పైభాగం మొసలి చర్మంలా మొద్దుబారిందట. దీన్ని "కాయ కాసింది" అనొచ్చా?

జవాబు: భేషుగ్గా అనొచ్చు. కాయ ఒరిపిడి ఉన్నచోట కాస్తుంది, అరికాలే కానక్కర్లేదు. రాసేవాళ్లకి వేలి మీద కాయడం లేదూ?