డిసెంబర్‌లో సైకిల్ మీద అరకు: సామాను, రాత్రి బస గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. డిసెంబర్ రెండో వారంలో నేనూ మా తమ్ముడూ విశాఖపట్నం నుంచి అరకుకి సైకిళ్ల మీద వెళ్దామనుకుంటున్నాం. శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా పోను సుమారు 115 కిలోమీటర్లు. నాలుగు రోజులు, ఇద్దరికీ కలిపి 3000 రూపాయలు. అంతకు మించి పెట్టలేం.

నాది గేర్లు లేని పాత సైకిల్. శృంగవరపుకోట దాటాక ఘాట్‌లో చాలా దూరం నడిపించుకుంటూ ఎక్కాల్సిందే, దానికి సిద్ధమే. నా భయమంతా దిగేటప్పుడే. సామానుతో అన్ని మలుపులు దిగితే బ్రేకు రబ్బర్లు తట్టుకుంటాయా? కొత్తవి వేయించాను, ఇంకో జత దగ్గర పెట్టుకుంటే చాలా?

పోయిన ఆదివారం భీమిలి దాకా 9 కిలోల మూటతో వెళ్లి చూశాం. క్యారియర్ మీద నిలువుగా కట్టిన సంచి రుషికొండ దాటేసరికి ఎడమకి జారింది, తాడు కొస వెనక చక్రంలో చుట్టుకుపోయింది. పడలేదు గానీ రెండు స్పోకులు వంగాయి. బియ్యం సంచులు కత్తిరించి రెండు పక్కలా వేలాడేలా కుట్టిస్తానంటోంది అమ్మ. అలా వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బరువు వెనకే ఉండాలా, ముందుకీ కొంత పంచాలా?

టెంట్ కొనలేం. టార్పాలిన్, దోమతెర, రెండు రగ్గులు ఉన్నాయి. అరకులో ఆ నెల రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి కూడా పోతుంది, మంచుకి తెల్లారేసరికి పక్కంతా తడిసిపోతుంది. అనంతగిరి చుట్టుపక్కల గుడి మండపంలోనో బడి వరండాలోనో పడుకున్నవాళ్లుంటే, ముందుగా ఎవర్ని అడగాలో చెప్పండి. ఊరివాళ్లకి ఇబ్బంది కలిగించడం మాకిష్టం లేదు.